కూలివాని పేర వచ్చిన సొమ్ము

దుకాణం తలుపులు తీయడానికి అనుమతి లేదు. పని చేయించుకునే స్థితిలో యజమాని లేడు. పనికి వచ్చే వీలు పనివానికి లేదు. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. మరి నెల తిరిగేసరికి ఆ పనివాని ఇంట పొయ్యి ఎలా వెలగాలి? 2020లో కరోనా మహమ్మారి ప్రపంచ దేశాలన్నింటినీ ఒక్కసారిగా ఈ ప్రశ్న ముందు నిలబెట్టింది. కొన్ని ప్రభుత్వాలు ఖజానా తెరచి, పనివారి వేతనాల్లో అధిక భాగాన్ని తామే భరించాయి. ఆ సొమ్ము యజమానుల చేతుల మీదుగా పనివారికి చేరింది. చేతుల మీదుగా అన్న ఈ మాట దగ్గరే మనం కాస్త ఆగాలి. ఎందుకంటే, చేయి మారే ప్రతి సొమ్మూ ఒక అమానతు. అమానతు గురించి అల్లాహ్ సన్నిధిలో లెక్క చెప్పుకోవాలి.

ఇస్లాంలో వేతనం పనివాని హక్కు. శ్రామికుని చెమట ఆరకముందే అతని కూలి ముట్టజెప్పాలని దైవప్రవక్త (సఅసం) ఆదేశించిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. అంతగా ప్రచారంలోకి రాని మరో హదీసు బుఖారీ గ్రంథంలో ఉంది. ప్రళయదినాన ముగ్గురు వ్యక్తులకు వ్యతిరేకంగా స్వయంగా అల్లాహ్‌యే నిలబడి వాదిస్తాడట. వారిలో ఒకడు, పనివాని చేత పూర్తిగా పని చేయించుకొని కూలి ఎగవేసినవాడు. తక్కిన ఇద్దరెవరో తెలుసా? అల్లాహ్ పేర మాటిచ్చి తప్పినవాడొకడు. స్వతంత్రుడైన మనిషిని బానిసగా అమ్మి ఆ సొమ్ము తిన్నవాడొకడు. కూలి ఎగవేత ఎలాంటి నేరాల సరసన చేరిందో యోచించండి.

ఇదంతా పని జరిగినప్పటి మాట. పనే జరగనప్పుడు సంగతేమిటి? మన ధర్మశాస్త్రవేత్తలు దీన్ని శతాబ్దాల క్రితమే చర్చించారు. వారు పనివారిని రెండు రకాలుగా విభజించారు. ఒకే యజమాని దగ్గర నెల జీతానికో రోజు కూలికో కుదిరినవాడు అజీరె ఖాస్. పదిమందికి పని చేసిపెట్టే దర్జీ, చాకలి వంటివాడు అజీరె ముష్తరక్. మొదటివాడు నిర్ణీత సమయానికి వచ్చి, పనికి తాను సిద్ధంగా ఉన్నానని నిలబడితే చాలు, యజమాని పని ఇవ్వకపోయినా అతనికి వేతనం చెందుతుంది. రెండవవాడు పని పూర్తి చేస్తేనే కూలికి హక్కుదారు. అయితే యజమాని చేతిలో లేని ఆటంకం వచ్చిపడితే, ఒప్పందం నిలుస్తుందా లేదా అన్న విషయంలో మాత్రం ఫుఖహాల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. మహమ్మారి సరిగ్గా ఆ అభిప్రాయభేదం ఉన్న చోటే మనుషుల్ని పడవేసింది. పనివాని పక్షాన న్యాయముంది, యజమాని పక్షాన నిస్సహాయత ఉంది. మధ్యలో వచ్చి నిలబడవలసింది ప్రభుత్వమే.

ఇలా నిలబడిన ప్రభుత్వాల్లో బ్రిటన్‌ను తీసుకుందాం. అక్కడ మన తెలుగువారు కూడా వేల సంఖ్యలో ఉన్నారు గనుక ఈ సంగతి మనకు మరీ దూరమైనదేమీ కాదు. 2020 మార్చి 20న అప్పటి ఆర్థికమంత్రి రిషి సునాక్ ఒక పథకం ప్రకటించారు. పని లేక ఇంట కూర్చున్న ఉద్యోగి వేతనంలో 80 శాతం, నెలకు గరిష్ఠంగా 2,500 పౌండ్ల వరకు ప్రభుత్వం ఇస్తుంది. యజమాని అతణ్ణి ఉద్యోగం నుంచి తీసివేయకుండా ఉంచుకోవాలి. దీన్నే అక్కడ ఫర్లో అన్నారు. నెలకు 2,000 పౌండ్లు తెచ్చుకునే వంటమనిషికి పని లేకపోయినా 1,600 పౌండ్లు అందాయన్నమాట. ఏప్రిల్ 20 నుంచి దరఖాస్తులు తీసుకున్నారు. పథకం 2021 సెప్టెంబరు 30 వరకు సాగింది. మొత్తం మీద 1 కోటి 17 లక్షల ఉద్యోగాలకు ఈ సహాయం అందింది. ఖర్చు దాదాపు 7,000 కోట్ల పౌండ్లు.

మరో విషయం. ఇది గ్రాంటు. తిరిగి చెల్లించవలసిన అప్పు కాదు. ఆ రోజుల్లోనే చిన్న వ్యాపారులకు బ్యాంకుల ద్వారా 2.5 శాతం వడ్డీకి అప్పులిచ్చే వేరొక పథకం కూడా పెట్టారు. మొదటి ఏడాది వడ్డీ ప్రభుత్వమే కట్టినా అది వడ్డీ అప్పే. దాని జోలికి పోవాలా వద్దా అని అక్కడి ముస్లిం వ్యాపారులు తర్జనభర్జన పడ్డారు. ఫర్లో సొమ్ము విషయంలో ఆ చిక్కు లేదు. వీసా మీద పనిచేసేవారిక్కూడా దీన్ని వర్తింపజేశారు. ప్రభుత్వ భత్యాలు పొందరాదన్న షరతు వారి వీసాల మీద ఉన్నా, ఫర్లో వేతనాన్ని ఆ భత్యాల కింద లెక్కించలేదు. అందువల్ల మన హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో వెళ్ళి అక్కడ ఉద్యోగం చేసుకుంటున్నవానికి కూడా, యజమాని దరఖాస్తు పెడితే, ఈ సొమ్ము అందే వీలు కలిగింది. పెడితే అన్నాం. ఉద్యోగి స్వయంగా దరఖాస్తు పెట్టుకునే వీలు ఈ పథకంలో లేదు. తాళంచెవి పూర్తిగా యజమాని చేతిలోనే ఉంది.

ఖజానా తాళంచెవుల ప్రస్తావన రాగానే మనకు హజ్రత్ యూసుఫ్ (అలై) గుర్తుకు రావాలి. ఏడేళ్ళ కరువు రాబోతుందని తెలిశాక ఆయన ఈజిప్టు రాజును ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని కోరారు. అందుకు తనకున్న అర్హతలుగా ఆయన రెండే చెప్పుకున్నారని దివ్యఖుర్ఆన్ ‘యూసుఫ్’ సూరా తెలియజేస్తోంది. తాను కాపాడగలవాడు, తనకు ఆ పని తెలుసు. నిజాయితీ, పరిజ్ఞానం. ఈ రెంటిలో ఏది లోపించినా కష్టకాలపు సొమ్ము దారి తప్పుతుంది. అక్కడ ఏడేళ్ళ పంట ముందుగానే కంకులతో సహా నిలవ చేసి ఉంది. 2020లో ఏ దేశం దగ్గరా అలాంటి నిలవ లేదు. బ్రిటన్ ప్రభుత్వం 2020-21 ఆర్థిక సంవత్సరంలో 30 వేల కోట్ల పౌండ్లకు పైగా అప్పు తెచ్చింది. అంటే ఇంకా బడికి కూడా పోని పిల్లల మీద పడిన బరువది. దాన్ని అన్యాయంగా తీసుకున్నవాడు ఎవరి జేబులో చేయి పెట్టినట్లు?

ఆ పథకంలో ఒక ముఖ్యమైన షరతు ఉంది. వేతనం కోసం వచ్చిన గ్రాంటు మొత్తం ఉద్యోగికే చేరాలి. మధ్యలో ఖర్చులనో కమీషననో యజమాని ఏమీ మినహాయించుకోరాదు. 2020 జూన్ ఆఖరు వరకు మరో షరతు కూడా ఉండేది. ఫర్లోలో ఉన్న ఉద్యోగి ఆ యజమాని కోసం ఏ పనీ చేయకూడదు. జూలై 1 నుంచి కొన్ని గంటలు పని చేయించుకునే సౌలభ్యం ఇచ్చారు గాని, ఆ గంటల జీతం పూర్తిగా యజమానే ఇవ్వాలి. షరతులు స్పష్టంగానే ఉన్నాయి. అయినా పనివాణ్ణి ఇంట కూర్చోబెట్టినట్లు కాగితం మీద రాసి, అతని చేత పని చేయించుకున్నవారున్నారు. వచ్చినదానిలో కొంతే ఇచ్చి తక్కింది మిగుల్చుకున్నవారున్నారు. లేని ఉద్యోగుల పేర్లు రాసి సొమ్ము లాగినవారున్నారు. పొరపాటున గాని, మోసం వల్ల గాని ఇలా దారి తప్పిన సొమ్ము వందల కోట్ల పౌండ్లలో ఉంటుందని అక్కడి పన్నుల శాఖే అంచనా వేసింది.

ఇలాంటివానికి తన పనిని సమర్థించుకునే మాటలు చాలా దొరుకుతాయి. ‘‘ప్రభుత్వం సొమ్మే కదా, ఎవరి ఇల్లూ దోచలేదు కదా’’ అంటాడు. ‘‘అందరూ చేస్తున్నదే’’ అంటాడు. ‘‘నేను కట్టిన పన్నే నాకు తిరిగి వచ్చింది’’ అని కూడా అంటాడు. ఈ మాటలన్నింటికీ ఖైబర్ నుంచి తిరిగి వస్తున్నప్పుడు జరిగిన ఒక సంఘటనలో సమాధానముంది. దైవప్రవక్త (సఅసం) సేవకుడొకడు ఆయన ఒంటె మీది సామాను దించుతూ ఉండగా ఎటు నుంచో బాణం వచ్చి తగిలి అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. చుట్టూ ఉన్నవారు అతనిది ఎంత అదృష్టమని, స్వర్గం దొరికిందని అన్నారు. దైవప్రవక్త (సఅసం) ఆ మాటను ఒప్పుకోలేదు. ఖైబర్ సొత్తు పంపకం కాకముందే అతడు తీసుకున్న ఒక దుప్పటి ఇప్పుడతని మీద అగ్నిజ్వాలై మండుతోందని చెప్పారు. ఆ మాట విని భయపడిన ఒక వ్యక్తి తాను తీసుకున్న చెప్పుల వారు ఒకటో రెండో తెచ్చి అప్పగించాడు. అవి కూడా అగ్ని వారులేనని ఆయన హెచ్చరించారు. మరణించినవాడు శత్రువు కాదు, సాక్షాత్తూ దైవప్రవక్త సేవలో ఉన్నవాడు. తీసుకున్నది రాజ్యం కాదు, ఒక దుప్పటి. అది ఏ ఒక్కరి ఇంటి నుంచో తీసిందీ కాదు, అందరికీ చెందిన సొత్తు. అందరిదీ అన్నప్పుడు పాపం తేలికవుతుందని మనం అనుకుంటాం. నిజానికి క్షమాపణ కోరవలసినవారి సంఖ్య పెరుగుతుంది.

బనూ సులైమ్ తెగ నుంచి జకాత్ వసూలు చేసి తెచ్చిన ఇబ్నుల్ లుత్బియా సంగతి కూడా తెలిసిందే. ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది అని అతడు లెక్క విడదీశాడు. దైవప్రవక్త (సఅసం) మింబర్ ఎక్కి, అతడు తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుకలు వచ్చేవా అని ప్రశ్నించారు. ఈ ప్రశ్నను కాస్త మార్చి మన యజమానికి వేద్దాం. ఆ వంటమనిషి పేరు, ఆ లోడు దింపే కుర్రవాని పేరు, ఆ గదులు ఊడ్చే అమ్మ పేరు నీ జాబితాలో లేకపోతే ఆ పౌండ్లు నీ ఖాతాలోకి వచ్చేవా?

పనివారి వైపు కూడా చూడాలి. న్యాయం మాట్లాడేటప్పుడు ఒక పక్షాన్నే మందలించడం మన పద్ధతి కాదు. ఫర్లోలో ఉండగా, తొలి ఒప్పందం అనుమతిస్తే, మరో చోట పని చేసుకోవడానికి బ్రిటన్ నిబంధనల్లో అవకాశముంది. అలా చేసినవానిది తప్పు కాదు. కాని యజమానితో చేయి కలిపి, పని చేస్తూనే పని లేనట్లు లెక్క చూపడానికి ఒప్పుకున్నవాడు ఆ అబద్ధంలో భాగస్వామి. ఉద్యోగం ఎక్కడ పోతుందోనన్న భయంతో నోరు మూసుకున్నవాని స్థితి వేరు. అతని నిస్సహాయత అల్లాహ్‌కు తెలుసు. ఇద్దర్నీ ఒకే గాట కట్టడానికి మా మనసు ఒప్పుకోవడం లేదు.

చేయి చాచినా అందనివారి కథ వేరే ఉంది. మొదట ప్రకటించిన నిబంధన ప్రకారం 2020 ఫిబ్రవరి 28 నాటికి జీతాల పట్టికలో ఉన్నవారికే ఫర్లో వర్తిస్తుంది. మార్చి మొదట్లో కొత్త ఉద్యోగంలో చేరినవాడు పాత యజమానికి గాని కొత్త యజమానికి గాని చెందకుండా పోయాడు. గగ్గోలు పుట్టింది. ఏప్రిల్ 15న ఆ తేదీని మార్చి 19కి జరిపారు. మరికొందరు లోపలికి వచ్చారు. ఇంకా కొందరు బయటే ఉండిపోయారు. సొంతంగా టాక్సీ నడుపుకునేవారికి, చేతిపనుల వారికి లాభాల సగటులో 80 శాతం ఇచ్చే వేరే పథకం పెట్టారు గాని, కొత్తగా ఆ వృత్తిలోకి దిగినవారికి మొదట్లో అది దక్కలేదు.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలోనూ ఒక నిబంధన ఇలాగే బెడిసింది. బైతుల్ మాల్ నుంచి ప్రజలకు భత్యాలు నిర్ణయించినప్పుడు పాలు మాన్పించిన పిల్లలకే భత్యమని ఆయన నియమం పెట్టారు. ఒక రాత్రి గస్తీలో పసివాని ఏడుపు ఆయన చెవిన పడింది. ఎన్నిసార్లు సముదాయించమని చెప్పినా ఆ ఏడుపు ఆగలేదు. చివరికి ఆ తల్లి అసలు సంగతి చెప్పింది. పాలు మాన్పిస్తేనే ఉమర్ భత్యం ఇస్తారు గనుక వేళ రాకముందే మాన్పిస్తున్నానని. తానెవరితో మాట్లాడుతోందో ఆమెకు తెలియదు. ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఖలీఫా దుఃఖంతో గొంతు పెగలక పారాయణం చేయలేకపోయారు. తన నియమం ఎందరు పసివాళ్ళ ప్రాణం తీసిందోనని కుమిలిపోయారు. వెంటనే పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం నిర్ణయించి ఆ సంగతి చాటింపు వేయించారు. పాలకునికి ఆ చెవులుండాలి. హిజ్రీ 18వ ఏట మదీనాను కరువు పీడించినప్పుడు కూడా ఆయన ఈజిప్టు, సిరియాల నుంచి ధాన్యం రప్పించి పంచారు. ప్రజల కష్టం తీరేదాకా తాను నేయి ముట్టలేదు. ఆ ఏడు జకాత్ వసూలును సైతం వాయిదా వేశారని ఉల్లేఖనాలు చెబుతున్నాయి.

ఇక మన దేశం సంగతి. ఇక్కడ కేంద్రం యజమానులకు వేతన గ్రాంటు ఇవ్వలేదు. 2020 మార్చి 29న హోంశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. లాక్‌డౌన్ కాలానికి కోత లేకుండా జీతాలు చెల్లించాలని యజమానులను ఆదేశించింది. సొమ్ము మాత్రం యజమానే తెచ్చుకోవాలి. మే నెలలో ఆ ఉత్తర్వు ఉపసంహరించబడింది. జూన్ 12న సుప్రీంకోర్టు, యజమానుల మీద బలవంతపు చర్యలు వద్దని, ఇరు పక్షాలు మాట్లాడుకొని పరిష్కరించుకోవాలని చెప్పింది. పూట గడవని కూలివాడు యజమానితో సమానంగా కూర్చుని బేరమాడగలడా? ప్రభుత్వం నేరుగా భరించింది భవిష్యనిధి వాటా. 100 మంది లోపు పనివారుండి, వారిలో 90 శాతం మంది జీతం 15,000 రూపాయల లోపున్న సంస్థలకు యజమాని వాటా 12 శాతం, ఉద్యోగి వాటా 12 శాతం కలిపి 24 శాతాన్ని మార్చి నుంచి ఆగస్టు వరకు కేంద్రం కట్టింది. మంచిదే. అయితే పాతబస్తీలో జరీ పనివానికి, నిజామాబాదులో బీడీలు చుట్టుకుని పూట గడుపుకునే ఎందరో ఇల్లాళ్ళకు, కూలి అడ్డాల మీద నిలబడే మేస్త్రీలకు భవిష్యనిధి ఖాతా ఎక్కడిది? 2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు వలస కూలీలతో కదిలిన రైలు లాక్‌డౌన్‌లో దేశంలోనే మొదటిది. సుమారు 1,200 మంది అందులో ఉన్నారు. వారి పేరు మీద ఎవరికీ ఏ గ్రాంటూ రాలేదు. కనుక వారి సొమ్ము మింగే అవకాశమూ ఎవరికీ రాలేదనుకోవద్దు. రావలసిన పాత కూలి ఇంకా బాకీ ఉన్నవారు మన చుట్టూ లేరా? లాక్‌డౌన్‌కు ముందు మూడు వారాలు చేసిన పనికి కూలి అడగకుండానే ఊరికి వెళ్ళిపోయిన కుర్రాడు మీ కార్ఖానా లెక్కల పుస్తకంలో ఉన్నాడేమో ఒకసారి పేజీలు తిప్పి చూడండి.

ఇప్పుడు తౌబా సంగతి. అల్లాహ్‌కూ దాసునికీ మధ్య ఉన్న పాపానికి పశ్చాత్తాపం, కన్నీరు చాలు. ఇతరుల సొమ్ము విషయంలో కన్నీటితో పాటు సొమ్ము కూడా తిరిగి వెళ్ళాలి. సదఖా చేస్తే, మసీదుకు ఫ్యాన్లు కొనిస్తే, ఉమ్రాకు వెళ్ళివస్తే అది చెల్లిపోదు. ప్రభుత్వం నుంచి అర్హత లేకుండా తీసుకున్నది ఖజానాకు చేరాలి. 2020 జూలైలో బ్రిటన్ చేసిన చట్టంలో, ఎక్కువగా తీసుకున్నవారు 90 రోజుల గడువులోగా తమంతట తాము తెలియజేస్తే జరిమానా పడకుండా వెసులుబాటు ఇచ్చారు. పరిస్థితి అనుకున్నంత చెడకపోవడంతో మొత్తం సొమ్ము వెనక్కి ఇచ్చేసిన సంస్థలు కూడా ఉన్నాయి. వారు ఏ ధర్మాన్ని అనుసరించేవారైనా ఆ పని మంచిదే. అమానతు మన ఒక్కరి పదం అనుకుని కూర్చుంటే వెనకబడేది మనమే.

పనివానికి చేరవలసింది పనివానికే చేరాలి. బుఖారీలోని గుహవాసుల హదీసులో మూడవ వ్యక్తి గుర్తున్నాడు కదా. అతని దగ్గర కూలికి వచ్చిన ఒకడు తన వాటా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. ఇతడు ఆ కూలిని పెట్టుబడిగా పెట్టి పెంచాడు. ఏళ్ళ తర్వాత వచ్చి కూలి అడిగినవానికి ఎదురుగా ఉన్న ఒంటెలు, ఆవులు, మేకలు, వాటిని కాచే సేవకులతో సహా చూపి అవన్నీ నీవేనన్నాడు. ఎగతాళి చేయవద్దని ఆ కూలివాడు వేడుకున్నాడట. నిజమేనని తెలిశాక ఒక్కటి కూడా వదలకుండా తోలుకుపోయాడు. చట్టప్రకారం అడిగితే అతనికి రావలసింది కాస్త ధాన్యమే.

మన కాలంలో ఆ పనివాడు వెతుక్కుంటూ రాకపోవచ్చు. వీసా గడువు తీరి వెళ్ళిపోయి ఉండవచ్చు. ఫోను నంబరు మారి ఉండవచ్చు. కడపలోనో కరీంనగర్‌లోనో ఉన్న అతనివాళ్ళను ఆరా తీయాలి. అతడు మరణించి ఉంటే వారసులకు ఇవ్వాలి. ఎంత వెతికినా ఆచూకీ దొరకకపోతే ఏం చేయాలో హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) చేసి చూపారు. ఆయన ఒకరి దగ్గర బానిసను కొన్నారు. వెల తీసుకోకముందే అమ్మినవాడు కనిపించకుండా పోయాడు. ఏడాది పాటు వెతికారు. దొరకలేదు. అప్పుడు ఆ వెలను ఒక్కో దిర్హమూ రెండేసి దిర్హములూ చొప్పున పేదలకు పంచుతూ, ఇది ఫలానావాని తరఫున అని అల్లాహ్‌కు విన్నవించుకున్నారు. రేపు అతడు వచ్చి ఒప్పుకోకపోతే ఈ దానం తనదవుతుందని, అతని బాకీ మళ్ళీ తానే తీరుస్తానని అన్నారు.